నిలువనీడ లేనివారు – నగరపాలకుల ధర్మము

ఇల్లు లేకుండుట నేరమా? నేరము కాదనియే పాఠకులందరును చెప్పుదురు. కాని మన నగరములకు గొప్ప అతిథులు వచ్చునపుడు జరుగు తతంగమును చూచినవారికి, మన నోటి మాటకును చేతకును పొత్తు కుదురుట లేదని తెలియకపోదు.

2017వ సంవత్సరము నవంబరు మాసాంతమున హైదరాబాదులో అంతర్జాతీయ పారిశ్రామిక సదస్సు జరిగెను. నాటి అమెరికా అధ్యక్షుని కుమార్తె దానికి విచ్చేసెను. ఆ సదస్సునకు ముందుగనే, వీథులలో బిచ్చమెత్తుటను రెండు నెలలపాటు నిషేధించుచు నగర పోలీసు అధికారి ఉత్తరువు చేసెను. కూడళ్లలో దొరకినవారిని బండ్ల కెక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి కారాగారముల ఆవరణలలో ఏర్పరచిన ఆశ్రమములకు చేర్చిరి. 2000వ సంవత్సరమున క్లింటను అధ్యక్షుడు వచ్చినప్పుడును ఇటువంటి ఏర్పాటే జరిగెను. ఆశ్రమము పెట్టుటను మేము తప్పుపట్టము. పట్టెడన్నమును, పండుకొన చోటును ఎవరు చూపినను పుణ్యమే. కాని అది అతిథి వచ్చువేళనే ఏల జ్ఞప్తికి రావలయును? కారాగారపు ప్రహరిలోపలనే ఏల ఉండవలయును? పేదవాని కష్టమును తొలగించుట వేరు. పేదవానిని కంటికి కనబడకుండ తొలగించుట వేరు. ఈ రెంటికిని గల భేదమును నగరపాలకులు మరచినప్పుడు జ్ఞాపకము చేయుట పౌరుల విధి.

ఈ బుద్ధి మనకు ఎక్కడనుండి వచ్చినదో విచారింతము. నెపోలియను యుద్ధములు ముగిసిన పిమ్మట, పనిలేక తిరుగు సిపాయిలతోడను, పొలములు కోల్పోయిన కూలీలతోడను ఇంగ్లండు వీథులు నిండెను. 1824లో అచ్చటి పార్లమెంటు దేశదిమ్మరుల శాసనమును చేసెను. బిచ్చమెత్తుటయు, కంటికి కనబడు జీవనాధారము లేక ఆరుబయట నిద్రించుటయు దాని ప్రకారము శిక్షార్హములయ్యెను. ఏమి చేసితివని గాక, ఏమి లేనివాడవని మనుష్యుని నిలవేసి అడిగిన శాసనమది. బానిస వ్యాపారముపై పోరాడిన విల్బర్‌ఫోర్సు వంటివారు ఆనాడే దానిని ఆక్షేపించిరి.

ఆ బుద్ధియే ఓడలెక్కి మన దేశమునకు వచ్చెను. 1871 నాటి నేరస్థ జాతుల శాసనము సంచార జీవనము చేయు జనులను పుట్టుకతోనే దొంగలుగా పట్టికల కెక్కించెను. మన గుంటూరు మండలమున స్టూవర్టుపురము వెలసిన కథ మన పెద్దలెరిగినదే. స్వరాజ్యము వచ్చిన పిదప 1952లో ఆ శాసనము రద్దయ్యెను. సంతోషము. కాని ఏడేండ్లకే 1959లో బొంబాయి రాష్ట్రము బిచ్చగాండ్ర నిరోధ శాసనమును చేసెను. కంటికి కనబడు జీవనాధారము లేక బహిరంగ స్థలమున తిరుగుటయు, నిలుచుటయు బిచ్చమెత్తుటలో చేరునని అందు వ్రాసికొనిరి. మొదటిసారి ఒకటి మొదలు మూడేండ్లవరకును, మరల మరల పట్టుబడినచో పదేండ్లవరకును నిర్బంధము విధింపవచ్చునట! 1824 నాటి మాట 1959లో మన గ్రంథములలో కూర్చుండినది. ఢిల్లీ 1960లో ఆ శాసనమును తెచ్చుకొనెను. ఆంధ్రప్రదేశమును 1977లో అదే త్రోవ త్రొక్కెను. తెల్లదొరలు మనయందు చూచిన చూపునే మనము మన పేదలయందు చూచితిమి. ఇది వ్రాయుటకు మాకు సిగ్గగుచున్నది.

న్యాయస్థానములు మాత్రము మెల్లమెల్లగా మేల్కొనినవి. జీవించు హక్కులో జీవనోపాధి హక్కును ఇమిడియున్నదని 1985లో బొంబాయి కాలిబాట నివాసుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పెను. 2018 ఆగస్టు 8వ తేదీన ఢిల్లీ హైకోర్టు, బిచ్చమును నేరముగా నెంచు నిబంధనలు రాజ్యాంగ విరుద్ధములని కొట్టివేసెను. ప్రభుత్వము కూడు గూడు కల్పింపజాలక, అవి లేవని మనుష్యుని శిక్షించుట ఏటి న్యాయమన్నది ఆ తీర్పు సారాంశము. మహమ్మారి కాలమున, 2021 జూలైలో, బిచ్చగాండ్రను కూడళ్లనుండి తొలగింప ఉత్తరువీయుడని కోరినవారితో, ఇది దారిద్ర్యమువలన పుట్టిన సమస్యయనియు, ఉన్నత వర్గముల దృష్టితో దీనిని చూడజాలమనియు సుప్రీంకోర్టు పలికెను.

ఇక పురపాలక సంఘముల మాట. 1992లో చేసి 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి తెచ్చిన డెబ్బదినాలుగవ రాజ్యాంగ సవరణ, పట్టణ దారిద్ర్య నిర్మూలనమును, బలహీన వర్గముల రక్షణమును పురపాలక సంఘములకు అప్పగింపదగిన కార్యములలో చేర్చెను. మూడు లక్షలకు తక్కువ కాని జనాభా గల పట్టణములలో వార్డు సంఘము లుండవలెనని విధించెను. 2010లో సుప్రీంకోర్టు నిరాశ్రయులకు రాత్రి వసతి గృహములు కట్టుడని రాష్ట్రముల నాజ్ఞాపించెను. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి పథకము లెక్క కూడ నిర్ణయించినది. లక్ష జనాభాకు నూరుగురికి చాలునట్టి శాశ్వత వసతి. మనిషికి ఏబది చదరపుటడుగుల చోటు.

ఈ లెక్కను పాఠకులు తమ ఊరికి తాము వేసికొనవచ్చును. 2011 జనాభా లెక్కల ప్రకారము బెజవాడలో పది లక్షలకు పైబడి జనులుండిరి. అనగా వేయిమందికి పడకలు కావలయును. హైదరాబాదు మహానగరమునకు అరువదికి తక్కువకాని గృహములు కావలయును. మన పట్టణములలో అన్ని గృహములున్నవా? ఉన్నవాని తలుపులు రాత్రి తెరచియున్నవా? స్త్రీలకు, పిల్లలకు వేరు చోటున్నదా? మంచినీరు, మరుగుదొడ్డి కలవా? అడిగినవారెవరు? 2016లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి కైలాస్ గంభీర్ అధ్యక్షతన సంఘమును నియమింపవలసి వచ్చినదన్నచో, కేంద్రమిచ్చిన ధనమును సైతము సరిగా వినియోగింపలేని మన స్థితి వెల్లడియగుచున్నది. నాటి లెక్కలలో దేశమున పదునేడు లక్షలకు పైగా నిరాశ్రయులు తేలిరి. అందు తొమ్మిది లక్షలకు పైబడినవారు పట్టణవాసులు. ఒక్కరాత్రి వీథులలో తిరిగి వేసిన లెక్క యిది. ఆ రాత్రి లెక్కవానికి కనబడనివా రెందరో!

మా వాదము నొక పక్షముగా సాగింపము. అంగడివారి మొరయు మేము వినుచున్నాము. తెల్లవారి తలుపు తీయబోవునప్పటికి ముంగిట మలమూత్రములుండును. త్రాగివచ్చి త్రోవన పోవు స్త్రీలను దుర్భాషలాడువారు కలరు. పసిబిడ్డలను అద్దెకు తెచ్చి చేయిచాపించు దుర్మార్గులున్నారన్న ఫిర్యాదులును కలవు. వీరిని శిక్షింపవలదని మేమనము. కాని శిక్ష చేష్టకు చెందవలయునే గాని స్థితికి చెందరాదు. దుర్భాషలాడినవాడు మేడలోనుండినను, అరుగుమీదనుండినను నేరస్థుడే. అరుగుమీద నిద్రించినవాడు నిద్రించుటచే నేరస్థుడు కాడు. మరుగుదొడ్డి కట్టని సంఘము, మరుగు వెదకికొనినవానిపై జరిమానా వేయుట న్యాయముగా లేదు.

ఇచ్చట ఇంగ్లండునుండి నేర్చుకొనదగినదియు, నేర్చుకొనరానిదియు కలదు. 1977లో ఆ దేశము, కొన్ని హద్దులకు లోబడి, నిరాశ్రయులకు ఇల్లు చూపు బాధ్యతను పురపాలక సంఘములపై శాసనరూపమున మోపెను. 2017 నాటి శాసనము, ఇల్లు పోవుటకు ఏబదియారు దినములు ముందుగనే సంఘము కలుగజేసికొని సాయపడవలెనని చెప్పెను. 2006 నాటి మరియొక శాసనము, పోలీసులును అధికారులును అల్లరుల విషయమున చేయు పనులను పరీక్షించుటకు ఎన్నికైన సభ్యులతో సంఘముండవలెనని విధించెను. మరియొకవైపున 2014 శాసనముచే సంఘములకు బహిరంగ స్థలములపై ఆజ్ఞలు చేయు అధికారము వచ్చెను. ఉల్లంఘించినవారికి నాడు నూరు పౌన్ల జరిమానా ఉండెను. కొన్ని పట్టణములు దానిని ఆరుబయట పండుకొనువారిపై ప్రయోగింపగా, కేవలము నిద్రించుటచే ఎవరిని గురిచేయరాదని ప్రభుత్వమే 2017లో హెచ్చరింపవలసి వచ్చెను. 2018లో విండ్సరున రాజకుమారుని వివాహమునకు ముందు, వీథులలోనివారిని తొలగింపుడని పురపాలక నాయకుడొకడు పోలీసులకు వ్రాసెను. ప్రధానమంత్రియే దానితో ఏకీభవింపనని చెప్పెను. హైదరాబాదునకును విండ్సరునకును దూరము మనమనుకొనినంత లేదు! ఆ 1824 శాసనమును రద్దు చేయుటకు 2022లో అచ్చటి పార్లమెంటు అంగీకరించెను. 2026 వసంతమునకు అమలు జరుపుదుమని 2025 జూన్‌లో ప్రభుత్వము ప్రకటించెను. కన్నతల్లి విడువనెంచిన బిడ్డను మనము ఒడిలో పెట్టుకొని జోలపాడుట వింత కాదా?

కాబట్టి పర్యవేక్షణమన్న మాటకు అర్థమును తిరుగవేయవలయును. పేదవానిపై నిఘా పర్యవేక్షణము కాదు. పేదవాని పేరిట ధనము వ్యయించు అధికారిపై ప్రజాప్రతినిధుల నిఘా పర్యవేక్షణము. ప్రతి వార్డు సంఘము నెల కొకమారు సమావేశమై మూడు లెక్కలను అడుగవలయును: వసతి గృహములలో పడకలెన్ని, రాత్రులు పండుకొనినవారెందరు, చోటులేక తిరిగిపోయినవారెందరు? పోలీసులు కాలిబాటలనుండి ఎవరిని ఏ నేరముపై తీసికొనిపోయిరి, ఎచ్చట చేర్చిరి? పౌరులు చేసిన ఫిర్యాదులలో దుష్ప్రవర్తనకు సంబంధించినవెన్ని, మరుగుదొడ్డి దీపము లేమికి సంబంధించినవెన్ని? ఈ లెక్కలను పురపాలక కార్యాలయపు గోడపై అందరును చదువునట్లు అంటింపవలయును. ఇందుకు క్రొత్త శాసనము అక్కరలేదు. కావలసినది సభ్యుల పట్టుదల.

భూస్వాములగు పాఠకులకు ఒక్క మనవి. కాలిబాటపై పండుకొనువాడు ఆకాశమునుండి ఊడిపడలేదు. నిన్న మొన్నటివరకు మన చేల గట్లపై నడచినవాడే. వాన కురియనియేడు పాలమూరునుండియు, అనంతపురమునుండియు మూట నెత్తికెత్తుకొని పట్నము చేరినవాడు; పెద్దాసుపత్రిలో తల్లిని చేర్చి వాకిట తువాలు పరచుకొనినవాడు; పగలు మన మేడలకు ఇటుకలు మోసి రాత్రి ఇటుకనే తలగడ చేసికొనినవాడు. మన తాతలు బాటసారికై సత్రములు కట్టించి మాన్యములు వ్రాసియిచ్చిరి. ఎవరు నీవని అడుగక అన్నము పెట్టిరి. ఆ సత్రములెన్ని నేడు అంగళ్లయి అద్దెలు తెచ్చుచున్నవో, ఆ మాన్యముల పంట ఎవరి గాదెల చేరుచున్నదో, ఏ ఊరి లెక్క ఆ ఊరివారే తీయుదురుగాక!

మరల ఏదో యొక సదస్సు రాకమానదు. వీథులు ఊడ్వబడును, గోడలకు సున్నము పడును. అప్పుడు చీపురు మనుష్యులను కూడ ఊడ్వరాదని చెప్పు సభ్యుడొక్కడైనను మన నగరసభలో ఉండవలయును. అట్టివానిని ఎన్నుకొనుట మన చేతిలోనిదే.