ముట్టు రాలేదుగా అన్న ధీమా

"పాలిస్తున్నావు, ముట్టు ఇంకా మొదలే కాలేదు, కడుపెట్లా నిలుస్తుందే?" కర్ణాటకలోని బాగేపల్లి, చింతామణి పల్లెల్లో బాణంతికి అమ్మా అత్తా పక్కింటి పిన్నమ్మా కలిసి ఇచ్చే భరోసా ఇది. దీన్ని నమ్మినవాళ్లు చంకబిడ్డకు ఏడాది నిండకముందే మళ్లీ స్కానింగుకు వస్తున్నారు. రక్తం పుంజుకోని ఒంటికి ఇంకో కాన్పు. కాదంటే, డాక్టరుకు చెప్పకుండా మెడికల్ షాపులో కొనే అబార్షన్ మాత్రలు.

పాలిస్తే కొన్నాళ్లు గర్భం రాదు, నిజమే. పెద్దలు మింగేసేది షరతులను. బిడ్డకు ఆరు నెలలు దాటకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలే పట్టాలి, ముట్టు రాకూడదు. మూడూ కుదిరితే నూటికి 98 మందికి రక్షణ. సీసాపాలు అలవాటు చేసినా, రాగి సరి మొదలుపెట్టినా ఆ లెక్క చెల్లదు. అసలు అండం విడుదలయ్యేది ముట్టుకు రెండు వారాల ముందు. ఆ తొలి అండంతోనే కడుపు నిలిస్తే ముట్టు రానే రాదు. "పాలవల్లే రాలేదు" అనుకుంటూ నాలుగో నెల దాకా నిశ్చింతగా ఉంటారు! బొత్తిగా పాలివ్వని తల్లికైతే మూడు వారాలు దాటినప్పటి నుంచే జాగ్రత్త అవసరం.

మూడో నెలలోనో ఐదో నెలలోనో పుట్టింటివాళ్లు బిడ్డతో సాగనంపుతారు. ఉయ్యాల నుంచి కాటుక దాకా అన్నీ సర్దుతారు. మొగుడి దగ్గరికి పోతున్న పిల్లను ఏ పద్ధతి వాడతావని ఒక్కరూ అడగరు. అత్తగారి తీర్మానం ముందే సిద్ధం: ఇంకొకటి కానీ, ఆపరేషన్ చేయిద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కర్ణాటకలో పెళ్లయిన ఆడవాళ్లలో సగానికి పైగా మందికి ఆ ఆపరేషనే దిక్కు. మగవాళ్ల ఆపరేషన్ నూటికి ఒకటి కూడా లేదు. దాంతో మగవాడికి బలం పోతుందట. పోదు. కాన్పుకూ మరో గర్భానికీ మధ్య కనీసం రెండేళ్లు ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట ఈ లెక్కల్లో ఎక్కడా కనబడదు.

గర్భసంచిలో వేసే కాపర్ టీ గుండెకు ఎక్కుతుందా? గర్భసంచి నుంచి గుండెకు దారే లేదు. మాత్రలతో పాలు తగ్గుతాయన్న భయాన్ని మాత్రం, ఇష్టం లేకున్నా, కొంత ఒప్పుకోవాలి. మాలా-ఎన్ లాంటి ఈస్ట్రోజెన్ మాత్రలు పాలిచ్చే తల్లికి ఆరు నెలల దాకా ఇవ్వరు. అందుకని మాత్రలన్నిటినీ వెలివేయడమెందుకు? లక్నోలో మన శాస్త్రవేత్తలు తయారుచేసిన ఛాయా మాత్రలో హార్మోనే లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆపైన వారానికి ఒకటి. మూడు నెలలకోసారి వేసే అంతరా సూది పాలిచ్చేవాళ్లకు ఆరు వారాల తర్వాత పనికొస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో ఇవి ఉచితం.

కాపర్ టీ అయితే కాన్పయిన 48 గంటల్లోపే వేయించుకోవచ్చు. కాబట్టి ఈ మాట తొమ్మిదో నెలలోనే, తాయి కార్డు (గర్భిణుల ఆరోగ్య కార్డు) పట్టుకుని ఆసుపత్రికి పోయినప్పుడే తేల్చుకోండి. వీలైతే మొగుణ్ణీ వెంటబెట్టుకుపోండి. ఇప్పటికే నెలలు గడిచి అనుమానంగా ఉంటే ముట్టు కోసం కాచుకోవద్దు, ఆశా కార్యకర్తను నిశ్చయ్ కిట్ అడిగి ముందు మూత్రపరీక్ష చేసుకోండి.