సెల్ఫీ దిగి వచ్చేస్తున్నారా? భీమిలిలో ఓ డచ్ ఊరుంది!

గోవాడ అంటే అందరికీ గుర్తొచ్చేది పంచదార ఫ్యాక్టరీయే. సీజన్ వచ్చిందంటే చెరకు బళ్ళు, ట్రాక్టర్లు, లారీలు రోడ్డు పక్కన బారులు తీరేవి. అలాంటి గోవాడకీ, ఏడు వేల కిలోమీటర్ల అవతల ఉన్న హాలండ్‌కీ ఏంటి సంబంధం అంటారా? ఉంది. అదీ ఒకటి కాదు, రెండు. మొదటిది భీమిలిలో పాత సమాధుల కింద పడుకుని ఉంది. రెండోది చెరకు గడలో దాక్కుని ఉంది. ముందు భీమిలి వెళ్దాం, చెరకు సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

ఆదివారం పొద్దున్నే గోవాడలో బండి తీసి చోడవరం, సబ్బవరం, పెందుర్తి, ఆనందపురం మీదుగా తగరపువలస చేరండి. అక్కడ కుడివైపు తిరిగితే భీమునిపట్నం. మనం ముద్దుగా పిలుచుకునే భీమిలి. మనవాళ్ళలో చాలామందికి భీమిలి ప్రోగ్రామ్ అంటే ఒకటే: బీచ్‌లో నాలుగు సెల్ఫీలు, వేడి బజ్జీలు, బీచ్ రోడ్డు మీదుగా వైజాగ్ రిటర్న్. కానీ ఆ సెల్ఫీ దిగిన చోటికి కూతవేటు దూరంలోనే నూటయాభై ఏళ్ళకు పైగా డచ్ జెండా ఎగిరిందని ఎంతమందికి తెలుసు?

ఏరు, కొండ, కడలి

ఊరు ఎందుకు పుట్టిందో తెలియాలంటే ముందు నేల చూడాలి. అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర పుట్టిన గోస్తని ఏరు తాటిపూడి జలాశయం దాటి, చిట్టివలస పక్కనుంచి వచ్చి భీమిలిలోనే సముద్రంలో కలుస్తుంది. ఊరికి ఆనుకుని పావురాళ్ళకొండ. దాని మీద రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి. బౌద్ధ భిక్షువులు వాననీరు పట్టుకోవడానికి రెండు వేల ఏళ్ళ కిందట తొలిపించినవి అవి. అంటే ఒలందా వాళ్ళు రాకముందే ఈ ఊరికి చాలా చరిత్ర ఉందన్నమాట.

ఓడ నడిపేవాడికి ఇంతకంటే ఏం కావాలి? దూరం నుంచి గుర్తుపట్టడానికి కొండ, తాగడానికి మంచినీళ్ళు, లోపలి ఊళ్ళ నుంచి సరుకు రావడానికి ఏటి లోయ. ఒక్కటే లోటు: లోతైన రేవు లేదు. పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేవు, దూరంగా లంగరేసి నిలబడాలి. మేకులు కొట్టకుండా పలకల్ని తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో సరుకంతా అలల మీదుగా అటూ ఇటూ చేరవేసేది మన మత్స్యకారులే. ఆ పడవ లేకపోతే ఒలందా వ్యాపారమే లేదు.

ఎవరీ ఒలందా వాళ్ళు?

పోర్చుగీసుల్ని బుడతకీచులనీ, ఫ్రెంచివాళ్ళని పరాసులనీ పిలిచినట్టే, హాలండ్ వాళ్ళని మనవాళ్ళు ఒలందా వాళ్ళన్నారు. వాళ్ళ ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. విచిత్రం ఏంటంటే దానికి ఒక్క హెడ్డాఫీసు కాదు, ఆరు ఊళ్ళలో ఆరు శాఖలు. ఆమ్‌స్టర్‌డామ్, మిడిల్‌బర్గ్, డెల్ఫ్ట్, రోటర్‌డామ్, హోర్న్, ఎంక్‌హైజన్. ఓడలు కట్టేదీ, నావికుల్ని చేర్చుకునేదీ, లాభాలు పంచుకునేదీ ఈ ఊళ్ళే.

వీటిలో హోర్న్ సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరంగా ఓ ముప్పై అయిదు కిలోమీటర్లు. వైజాగ్‌కి భీమిలి ఎలాగో, ఆమ్‌స్టర్‌డామ్‌కి హోర్న్ దాదాపు అలాగే. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌కి ఆ పేరు వచ్చింది ఈ ఊరి వల్లే. 1616లో హోర్న్ నావికుడు విల్లెమ్ స్కౌటెన్ ఆ కొస చుట్టి వెళ్ళి తన ఊరి పేరు పెట్టాడు.

హోర్న్ పక్కనే ఒకప్పుడు పెద్ద చెరువుండేది. గాలిమరలతో నీళ్ళు తోడి 1612 నాటికి దాన్ని సాగుభూమి చేసేశారు. దాని పేరు వింటే మనకి నవ్వొస్తుంది: బీమ్‌స్టర్! ఆ పనికి డబ్బు పెట్టినవాళ్ళలో ముఖ్యుడు డిర్క్ వాన్ ఓస్, డచ్ కంపెనీ డైరెక్టర్లలో ఒకడు. తూర్పు సముద్రాల వ్యాపారంలోకి దిగిన చేతులే అక్కడ చెరువుని పొలంగా మార్చాయన్నమాట.

మన బట్ట, వాళ్ళ జాజికాయ

ఒలందా వాళ్ళు 1605లో మచిలీపట్నంలో దిగారు. తర్వాత పులికాట్‌లో కోట కట్టారు. పాలకొల్లు, ద్రాక్షారామం... అలా తీరం పొడవునా పాకుతూ 17వ శతాబ్దం మధ్యకల్లా భీమిలి చేరారు. అప్పుడు ఇదంతా గోల్కొండ సుల్తానుల రాజ్యం.

వాళ్ళకి అసలు కావాల్సింది మన దగ్గర లేదు. కావాల్సింది జాజికాయ, జాపత్రి, లవంగం. అవి ఇండోనేషియా దీవుల్లో దొరికేవి. అక్కడి జనం డచ్ వాళ్ళ సరుకు చూసి మొహం తిప్పుకునేవారు. వాళ్ళు ఇష్టపడి కొన్నది మన కోరమాండల్ నూలు బట్టల్ని. అందుకే లెక్క ఇలా నడిచింది: బంగారం, వెండి తెచ్చి ఇక్కడ బట్ట కొను, ఆ బట్ట దీవుల్లో ఇచ్చి సుగంధ ద్రవ్యాలు తీసుకో, వాటిని యూరప్‌లో అమ్ముకో. మధ్యలో ఉన్న మన నేతగాడి మగ్గం ఆగితే మొత్తం చక్రం ఆగిపోయేది.

చిరువేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం. ఉతికేకొద్దీ మెరిసే ఆ అద్దకం రహస్యం యూరప్ వాళ్ళకి చాలాకాలం అంతుపట్టలేదు. ఎంత మోజంటే, హాలండ్ ఉత్తరాన హిండెలోపెన్ అనే చిన్న పట్నంలో ఆడవాళ్ళ సంప్రదాయ దుస్తుల్లోనే కోరమాండల్ పూల అద్దకం బట్ట చేరిపోయింది. నేటికీ అక్కడి మ్యూజియాల్లో ఆ పొడవాటి కోట్లు కనిపిస్తాయి. కుట్టింది వాళ్ళు, నేసిందీ అద్దిందీ మన తీరం వాళ్ళు. భీమిలి నుంచి బట్టలతోపాటు బియ్యం కూడా వెళ్ళేది, ముఖ్యంగా సింహళానికి.

ఎవరూ ఫొటో తీయని పేజీ

ఇక్కడిదాకా వింటే బాగానే ఉంది కదా? ఆగండి. కోరమాండల్ తీరం నుంచి ఆ ఓడలెక్కింది బట్టలూ బియ్యమే కాదు, మనుషులు కూడా. 17వ శతాబ్దంలో కరువులు వచ్చినప్పుడల్లా తిండిలేక తమను తామో, పిల్లల్నో అమ్ముకున్న జనాన్ని డచ్ కంపెనీ బానిసలుగా కొని బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి తరలించింది. వాళ్ళకి సమాధులు లేవు, రాళ్ళ మీద పేర్లూ లేవు.

ఆ బటావియాని నిలబెట్టినవాడు జాన్ పీటర్‌జూన్ కూన్. ఏ ఊరివాడో తెలుసా? హోర్న్. జాజికాయ మీద గుత్తాధిపత్యం కోసం 1621లో బాందా దీవుల మీద దాడి చేసి, అక్కడి జనంలో అత్యధికుల్ని చంపించడమో, తరిమేయడమో, బానిసలుగా పంపేయడమో చేశాడు.

చేతులు మారిన ఊరు

ఇంగ్లీషు, డచ్ వాళ్ళ మధ్య యుద్ధం వచ్చినప్పుడల్లా భీమిలి చేతులు మారింది. 1781లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నారు, తర్వాత తిరిగిచ్చారు. 1795లో మళ్ళీ పట్టుకున్నారు, 1818లో మళ్ళీ ఇచ్చారు. చివరికి 1824లో లండన్‌లో రెండు దేశాలూ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. ఇండియాలో ఉన్న స్థావరాలూ, మలక్కా ఇంగ్లీషువాళ్ళకి. సుమత్రాలోని బెంకూలెన్ డచ్ వాళ్ళకి. 1825లో భీమిలిలో డచ్ జెండా దిగింది. ఊళ్ళో జనాన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు.

తర్వాత భీమిలి ఇంకా వెలిగింది. 1861లోనే మునిసిపాలిటీ అయింది. ఇక్కడి నుంచి ఎగుమతైన గోగునారకి ప్రపంచ మార్కెట్‌లో 'బిమ్లీ జూట్' అని ఈ ఊరి పేరే పడింది. మనం పచ్చడి చేసుకునే గోంగూరా, ఆ నారనిచ్చే గోగూ ఒకే కుటుంబం మొక్కలు. లండన్ వ్యాపారి నోట భీమిలి పేరు పలికించింది మన గోగు చేనే!

మరి ఎందుకు తగ్గింది? రైలు పట్టాలు విజయనగరం, కొత్తవలస మీదుగా వాల్తేరు వెళ్ళిపోయాయి, భీమిలికి స్టేషన్ రాలేదు. 1933లో విశాఖలో లోతైన హార్బర్ తెరుచుకుంది. ఓడ నేరుగా ధక్కాకి ఆనుకునే చోటు ఉండగా అలల మీద పడవల్లో సరుకు మోసేదెవరు? రేవు నిద్రపోయింది. ఇప్పుడు భీమిలి గ్రేటర్ విశాఖలో కలిసిపోయింది.

హాలండర్స్ గ్రీన్‌లో పది నిమిషాలు

బీచ్ దగ్గరే ఉంది డచ్ శ్మశానం. పేరు హాలండర్స్ గ్రీన్. పిరమిడ్‌లలా కోసుగా లేచిన సమాధులు, వాటి మీద అరిగిపోతున్న డచ్ అక్షరాలు. ఉప్పుగాలి ఏటేటా ఒక్కో అక్షరాన్ని తినేస్తోంది. డచ్ కంపెనీ దాదాపు రెండు వందల ఏళ్ళలో పది లక్షల మందిని ఆసియాకి పంపితే, తిరిగి ఇల్లు చేరింది మూడోవంతుకి కాస్త ఎక్కువ మంది మాత్రమే. అలా ఇల్లు చేరనివాళ్ళలో కొందరు ఇక్కడున్నారు. దోచుకోవడానికి వచ్చినవాళ్ళే కావచ్చు. కానీ ఆ గుంపులో అమ్మకి డబ్బు పంపుదామని ఓడెక్కిన కుర్రాళ్ళు కూడా ఉండే ఉంటారు. గల్ఫ్‌కి వెళ్ళే మన ఉత్తరాంధ్ర పిల్లల్ని తలుచుకుంటే ఆ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

"ఆ తెల్లోళ్ళ సమాధులు మనకెందుకు?" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు హోర్న్‌లో దొరుకుతుంది.

హోర్న్ కూడా భీమిలిలాగే రేవు పోగొట్టుకుంది. 1932లో డచ్ వాళ్ళు సముద్రానికి అడ్డంగా పెద్ద కట్ట కట్టేసరికి ఊరి ముందున్న సముద్రం కాస్తా సరస్సు అయిపోయింది. అయినా ఊరు చావలేదు. పాత గిడ్డంగులు, రేవు బురుజు, వర్తకుల ఇళ్ళు కాపాడుకుంది. వాటిని చూడ్డానికే జనం వస్తారు. ఇంకో పని కూడా చేసింది. ఊరి నడిబొడ్డున 1893లో పెట్టిన కూన్ విగ్రహం ఉంది. 2011లో ఓ క్రేన్ తగిలి అది కింద పడింది. మళ్ళీ నిలబెట్టాలా వద్దా అని ఊరంతా వాదించుకుంది. చివరికి నిలబెట్టారు, కానీ కొత్త పలక మీద బాందాలో అతను చేయించిన మారణకాండ గురించీ రాశారు. ఆ వాదన ఇంకా ఆగలేదు. ఆగకపోవడమే మంచిది.

మనకి కావాల్సిందీ అదే. ఆ సమాధులకి దండాలు పెట్టనక్కర్లేదు, వాటిని కూలిపోనివ్వనక్కర్లేదు. పక్కన తెలుగులో ఒక బోర్డు చాలు. అందులో ఒలందా వ్యాపారి ఎంత కనిపించాలో, మసూలా పడవ నడిపిన మత్స్యకారుడు, చిరువేరు ఉడకబెట్టిన అద్దకం పనివాడు, కరువులో అమ్ముడుపోయిన పిల్ల కూడా అంతే కనిపించాలి. సమాధులు పోతే ఒలందా వాళ్ళకి పోయేదేం లేదు, వాళ్ళ లెక్కల పుస్తకాలు హేగ్‌లో భద్రంగానే ఉన్నాయి. పోయేది మన వాళ్ళ కథకి మిగిలిన ఆనవాలు.

ఈసారి వెళ్తే...

- పొద్దున్నే వెళ్ళండి. ముందు పావురాళ్ళకొండ ఎక్కండి. ఏరు, ఊరు, సముద్రం ఒకే చూపులో పడతాయి.
- తర్వాత గోస్తని సంగమం, గంటస్తంభం, లైట్‌హౌస్.
- డచ్ సమాధుల మీద ఎక్కి ఫొటోలు వద్దు, పేర్లు చెక్కొద్దు. రాతల్ని దగ్గర్నుంచి ఫొటో తీసి దాచుకోండి. రేపు ఆ అక్షరం ఉండకపోవచ్చు.
- తిరుగు ప్రయాణం బీచ్ రోడ్డు మీదుగా పెట్టుకుంటే ఎర్రమట్టి దిబ్బలు దారిలోనే.

ఇక చెరకు సంగతి

మాటిచ్చాం కదా! డచ్ వాళ్ళు జావాలో చెరకు పరిశోధనా కేంద్రం పెట్టి, అడవి చెరకుతో మేలురకం చెరకుని కలిపి 1921లో పి.ఓ.జె. 2878 అనే రకం తయారుచేశారు. జావా పంచదార పరిశ్రమ రాత మార్చేసిన రకం అది. దాన్ని తల్లిగా పెట్టి మన కోయంబత్తూరు శాస్త్రవేత్తలు 1933లో కొత్త రకం పుట్టించారు. అదే కో 419. దక్షిణ భారతదేశంలో దశాబ్దాలపాటు రాజ్యమేలిన చెరకు. ఇంట్లో పెద్ద రైతులెవరైనా ఉంటే "తాతా, 419 చెరకు గుర్తుందా?" అని అడిగి చూడండి.

భీమిలిలో ఒలందా పేర్లు రాతి మీద అరిగిపోతున్నాయి. చెరకు గడ మీద పేరేం రాసి ఉండదు, మన రసం బండి దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడినప్పుడు మనకి ఆ సంగతి తెలియనే తెలియదు. ఈసారి తాగేటప్పుడు ఒక్కసారి గుర్తుచేసుకోండి. అల్లం ముక్క, నిమ్మకాయ మాత్రం మనవే!