యంత్రం నిర్ణయించిన భోజనం

నెల మొదట సరుకుల పట్టీ వ్రాయడానికి కూర్చున్న ఇల్లాలు తనకు తెలియకుండానే ఒక గణిత సమస్యను సాధిస్తూ ఉంటుంది. చేతిలోని పైకం ఇంత. ఇంటిల్లిపాదికీ కావలసిన ఆహారం ఇంత. అంగడిలో ధరలు ఇవి. ఈ నిబంధనలకు లోబడి ఖర్చు వీలైనంత తగ్గవలెను. ఇటువంటి సమస్యలను సాధించే గణిత విధానానికి లీనియర్ ప్రోగ్రామింగ్ అని పేరు.

అమెరికా ఆర్థికశాస్త్రవేత్త జార్జి స్టిగ్లర్ 1945లో ఈ సమస్యనే చేపట్టారు. ఒక మనిషికి తొమ్మిది పోషకాంశాలు చాలినంతగా అందవలెను. 77 ఆహారపదార్థాలలో వేటిని ఎంతెంత కొంటే ఏడాది ఖర్చు అతి తక్కువ అవుతుంది? తగిన గణిత పద్ధతి ఆనాటికి లేనందున ఆయన యుక్తితో లెక్కించి, 1939 నాటి ధరలలో 39 డాలర్ల 93 సెంట్లు అని తేల్చారు. గోధుమపిండి, డబ్బాపాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు, ఇంతే ఆ భోజనం! 1947లో జార్జి డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతిని రూపొందించిన పిమ్మట, తొమ్మండుగురు గుమాస్తాలు చేతితో త్రిప్పే యంత్రాలతో ఆ లెక్కను మళ్ళీ చేశారు. ఒక మనిషి 120 దినాలు చేసే పని అది. తేలిన ఖర్చు 39 డాలర్ల 69 సెంట్లు. స్టిగ్లర్ అంచనాకు ఇరవైనాలుగు సెంట్లే తేడా!

1950ల తొలి సంవత్సరాలలో డాంట్జిగ్ తాను బరువు తగ్గదలచి, తన భోజనాన్ని కంప్యూటర్‌నే నిర్ణయించమన్నారు. కాలరీలు మించరాదు, కడుపు మాత్రం నిండినట్లుండవలెను. అందుకని, నీటి బరువు పోగా మిగిలే బరువు అత్యధికంగా ఉండే ఆహారాన్ని ఎన్నుకోమన్నారు. యంత్రం ఇచ్చిన పట్టీలో 500 గ్యాలన్ల వినిగర్ ఉన్నది! యంత్రం లెక్క తప్పలేదు. దానికి అందించిన పట్టికలో వినిగర్‌లో నీరే లేనట్లు నమోదైనది. వినిగర్‌ను తొలగించగా, ఈసారి రోజుకు 200 మాంసపు చారు బిళ్ళలు తినమన్నది. ఉప్పు ఇంతకు మించరాదన్న నిబంధన ఎవరూ పెట్టలేదు మరి!

వినిగర్ సంగతి ఎవరికైనా కంటికి కనబడుతుంది. కాని నూనెశుద్ధి కర్మాగారాలకూ విద్యుత్పంపిణీకీ తయారయ్యే నమూనాలలో నిబంధనలు వేలకొద్దీ ఉంటాయి. అక్కడి పొరపాటు అంకెల అడవిలో దాగిపోతుంది. అందుచేత ఫలితాన్ని ప్రశ్నించే పనిలో కూడా కంప్యూటర్ సహాయం అవసరమైనది. హార్వే గ్రీన్‌బర్గ్ అనే గణితవేత్త ‘అనలైజ్’ అనే ప్రోగ్రామును ఇందుకోసమే నిర్మించి, దాని ఉపయోగాన్ని వివరించే గ్రంథాన్ని 1993లో వెలువరించారు.

ఇటువంటి పరిశీలనలో ముఖ్యంగా మూడు ప్రశ్నలు ఉంటాయి. మొదటిది: ఈ ఫలితం ఎందుకు వచ్చినది? ఒక నిబంధనను కొద్దిగా సడలిస్తే ఖర్చు ఎంత తగ్గుతుందో చెప్పే అంకెను ఛాయామూల్యం అంటారు. ఏ నిబంధన మనకు ఎంత భారమవుతున్నదో అది తెలుపుతుంది. రెండవది: పరిస్థితి మారితే ఏమగును? పట్టీలో చోటు దొరకని పప్పు, ధర ఎంత తగ్గితే అందులోకి వస్తుంది? మూడవది: అసలు పరిష్కారమే లేదని తేలినప్పుడు, ఏ నిబంధనలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు? వేల నిబంధనలలో నుంచి అట్టి నాలుగైదింటిని ఏరి చూపగలిగితే, మనిషి ఆలోచించడానికి దారి దొరుకుతుంది.

ఇది కేవలం పండితుల వినోదం కాదు. ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం, ఆపన్నులకు పంపే ఆహారంలో ఏవి ఎంత ఉండవలెనో యోచించడానికి ఇటువంటి నమూనాలనే వినియోగిస్తున్నది. అక్కడ పట్టికలో ఒక అంకె తప్పితే నవ్వుకొని ఊరుకోవడానికి వీలులేదు. ఆ తప్పు పసిబిడ్డల కంచాలలోకి చేరుతుంది. కనుక యంత్రం అందించిన పట్టీని అంగడికి పంపే ముందు, ఇల్లాలి వలె ఒక్కొక్క వస్తువునూ చూసి “ఇది ఎందుకు?” అని అడగడం మన విధి.