ఎందుకు? ఎలా? ఫరో ‘రేపు’ అని ఎందుకన్నాడు?

‘పది తెగుళ్ల’ కథ వింటే కృష్ణా డెల్టా పిల్లలకు వరిచేలు గుర్తొస్తాయి. ఇక్కడ తెగులంటే అగ్గితెగులు, ఆకుమీద నూలుకండె ఆకారపు మచ్చలు. తెలుగు బైబిల్లో దేవుడు పంపిన విపత్తుకూ అదే మాట.

నిర్గమకాండంలో ఐగుప్తుమీదికి వచ్చిన పది తెగుళ్లలో రెండోది కప్పలు. మన చేలో బెకబెకమనే కప్ప పురుగుల్ని తిని రైతుకు మేలు చేస్తుంది. ఐగుప్తులో మాత్రం నైలు నదిలోంచి పొయ్యిల్లోకి, పిండి పిసికే తొట్లలోకి, రాజుగారి పడకమీదికీ ఎక్కాయి.

కప్పల్ని పోగొడితే బానిసలైన ఇశ్రాయేలీయులను వదిలేస్తానని ఆ రాజు ఫరో మాటిచ్చాడు. అవి ఎప్పుడు పోవాలని వాళ్ల నాయకుడు మోషే అడిగితే ‘రేపు’ అన్నాడు. అంటే ఇంకో రాత్రి కప్పలతోనే! నన్ను అన్నిటికంటే కలచివేసే మాట అదే. ‘ఇప్పుడే’ అంటే ఓడినట్టని అనుకున్నాడేమో. విధేయత ఆలస్యమైతే ఆ ఇంట్లోవాళ్లందరికీ కష్టమే కదా.

మర్నాడు కప్పలు చచ్చి, కుప్పలుపడి, దేశమంతా కంపుకొట్టింది. కాస్త ఊపిరాడగానే ఫరో మాట తప్పాడు, బానిసలను వదల్లేదు. వెంటనే మూడోది వచ్చింది: పేలు.