క్రైస్తవ కళాశాలల్లో వేదిక ఎవరిది?

1899లో మద్రాసు క్రైస్తవ కళాశాలలోని భాషాభిరంజని సమాజం కావ్యరచన పోటీ పెట్టింది. అక్కడ విద్యార్థిగా ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ రాసి బహుమతి గెలుచుకున్నారు. ఆధునిక తెలుగు కవిత్వ చరిత్రలో తొలి పుటల్లో నిలిచిన ఆ కావ్యం పరీక్షల కోసం పుట్టలేదు, తరగతి గదికి వెలుపల పుట్టింది. చర్చావేదికలు, సాహిత్య సమాజాలు, నాటకాలు, వసతిగృహ జీవితం క్రైస్తవ కళాశాలలు మన సమాజానికి ఇచ్చిన రెండో చదువు. సభలో లేచి మాట్లాడడం, ప్రత్యర్థి వాదన వినడం, పదిమందిని కూడగట్టడం నేర్పింది ఆ చదువే.

ఆ చదువు ఎవరికి అందింది?

1843లో మచిలీపట్నంలో బడి ప్రారంభించిన రాబర్ట్ నోబుల్ అంటరాని కులాల పిల్లలను అందులో చేర్చుకోలేదు. పైకులాలకు విద్య నేర్పితే అది క్రమంగా కింది కులాలకు దిగుతుందన్న నమ్మకం నాటి మిషనరీ ఉన్నత విద్యలో బలంగా ఉండేది. దిగలేదు. అదే కాలంలో క్రైస్తవాన్ని వేలాదిగా స్వీకరించినవారు గ్రామాల్లోని మాల, మాదిగలు. వారి వాడకు దక్కింది ప్రాథమిక బడి; పట్టణంలోని కళాశాల ఇతరులదైంది. గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో దాదాపు పదేళ్లు పాఠాలు చెప్పిన జాషువా పురాణ కథలు రాసినందుకు క్రైస్తవులకూ, పుట్టిన కులం కారణంగా హిందువులకూ పరాయివాడయ్యాడు. అయితే చరిత్రలో మరో దారి కూడా ఉంది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన రఘుపతి వెంకటరత్నం నాయుడు కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్‌గా దళిత విద్యార్థులను చేర్చుకుని, వారికి వసతిగృహం నడిపారు. సంకల్పం ఉంటే తలుపు తెరుచుకుంటుందని ఆయన నిరూపించారు.

నేడు దళిత విద్యార్థులు ఈ కళాశాలల తరగతి గదుల్లో ఉన్నారు. కానీ వారి ప్రవేశానికి చట్టం ఇచ్చే హామీ బలహీనం. రాజ్యాంగంలోని 15(5) అధికరణ మైనారిటీ విద్యాసంస్థలకు రిజర్వేషన్ల నుంచి మినహాయింపునిచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా నిరాకరించింది. తెలుగు రాష్ట్రాల్లో వారికి మిగిలింది బీసీ-సీ కింద ఒక్క శాతం. కాబట్టి ఈ సంస్థల్లో న్యాయం యాజమాన్యాల మనస్సాక్షి మీదనే ఎక్కువగా ఆధారపడుతోంది.

ప్రవేశం దొరికాక కూడా వేదిక దొరకదు. వేదిక విషయంలో కులం నిషేధాజ్ఞ రూపంలో రాదు, అలవాటు రూపంలో వస్తుంది. చర్చాపోటీ ఇంగ్లిషులోనే జరిగితే పల్లె నుంచి తెలుగు మాధ్యమంలో వచ్చిన విద్యార్థి ప్రేక్షకుడిగా మిగులుతాడు. రిహార్సల్సు సాయంత్రం పెడితే చివరి బస్సు అందుకోవలసిన విద్యార్థిని తప్పుకుంటుంది. దుస్తుల ఖర్చు ఎవరికి వారే భరించాలంటే కూలి ఇంటి బిడ్డ పేరే ఇవ్వడు. శాస్త్రీయ నృత్యం ‘సంస్కృతి’గా, డప్పు ఊరేగింపు సందడిగా మాత్రమే లెక్కకొస్తే ఎవరి వారసత్వానికి మార్కులు పడుతున్నాయో వేరే చెప్పనక్కరలేదు. ఆ తర్వాత ‘ప్రతిభ’ అనే మాట వచ్చి ఈ ఏర్పాటంతటినీ సహజమైనదిగా చూపుతుంది.

దీనికి పరిష్కారాలు దుర్లభం కావు. సాంస్కృతిక, వక్తృత్వ కార్యక్రమాలను కళాశాల వేళల్లోనే జరపాలి. పోటీల్లో తెలుగుకు సమాన స్థానం ఉండాలి. ఖర్చు సంస్థే భరించాలి. విద్యార్థి సంఘాల బాధ్యతలు ఏటా చేతులు మారాలి. 2012 నాటి యూజీసీ సమానత్వ నిబంధనలు కోరిన సమాన అవకాశాల విభాగం కాగితం మీద కాక వేదికల ఎంపికలో కూడా పనిచేయాలి. విద్యార్థి సంఘాలు ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం పోరాడినంత గట్టిగా మైకు కోసం కూడా పోరాడాలి.

తరగతి గది డిగ్రీ ఇస్తుంది. వేదిక నాయకత్వాన్ని ఇస్తుంది. పల్లెల్లో దళితవాడల విశ్వాసం మీద నిలబడిన తెలుగు క్రైస్తవం, తన కళాశాలల్లో ఆ వాడల బిడ్డలను కుర్చీలు సర్దే పనికే పరిమితం చేయడం తన పునాదిని తానే నిరాకరించుకోవడం అవుతుంది.