ట్రాన్స్‌ఫార్మర్ మార్చలేని అంకె



నేను ఐటీ కన్సల్టెంటుని. సెలవులకి ఇండియా వెళ్ళే స్నేహితులు "ఇది అక్కడ పనిచేస్తుందా?" అని నన్ను అడగడం మామూలే. 2021 ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వాళ్ళు అడిగింది మిక్సీల గురించి కాదు, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ల గురించి. కోవిడ్ రెండో దెబ్బకి ఇంటి దగ్గర ఆక్సిజన్ దొరక్క, ఇక్కడి నుంచి ఎంతోమంది వాటిని పంపించారు. అందుకే ఇవాళ ఈ కరెంటు లెక్క చెప్పుకుందాం.

ప్రతి వస్తువు వెనకా ఒక లేబుల్ ఉంటుంది. దాని మీద రెండు అంకెలు చూడాలి: వోల్టులు, హెర్ట్జులు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జులు. ఇండియాలో 230 వోల్టులు, 50 హెర్ట్జులు. వోల్టులంటే కరెంటుని తోసే ఒత్తిడి. హెర్ట్జులంటే ఆ కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగి వస్తుందో ఆ లెక్క.

వోల్టేజికి కాస్త వెసులుబాటు ఉంటుంది. అమెరికాలో 5 శాతం అటూ ఇటూ, అంటే 114 నుంచి 126 దాకా రావచ్చు. బ్రిటన్ 1995లో 240ని 230గా మార్చింది. కానీ 216 నుంచి 253 దాకా ఒప్పుకోవడంతో పాత 240 కూడా అందులోనే ఇమిడిపోయింది! ఫ్రీక్వెన్సీకి అంత వెసులుబాటు లేదు. గ్రిడ్‌లో జనరేటర్లన్నీ ఒకే లయలో తిరగాలి కదా. అందుకే ఇండియా గ్రిడ్ నియమావళి 49.90 నుంచి 50.05 హెర్ట్జుల మధ్యే ఉండమంటుంది. గల్ఫ్‌లో ఉన్నవారు ఇంకొకటి గమనించాలి: సౌదీలో 60, పక్కనే ఉన్న ఎమిరేట్స్‌లో, కువైట్‌లో 50.

ఇప్పుడు అసలు సంగతి. మనం కొనే మామూలు ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులని మారుస్తుంది, హెర్ట్జులని మార్చదు. లాప్‌టాప్ చార్జరు మీద "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జులు" అని ఉంటే ఏ బెంగా లేదు, ప్లగ్గు మారిస్తే చాలు. మిక్సీలో బ్రష్షుల మోటారు ఉంటుంది కాబట్టి దానికి హెర్ట్జులతో పెద్ద పేచీ లేదు. వోల్టులు సరిపోతే తిరుగుతుంది. ఇండక్షన్ మోటారు అలా కాదు, హెర్ట్జులని బట్టే దాని వేగం. 60కి చేసినదాన్ని 50 మీద నడిపితే ఆరో వంతు వేగం తగ్గుతుంది, మోటారు ఎక్కువ వేడెక్కుతుంది.

కాన్సంట్రేటర్‌లో కంప్రెసర్ గాలిని లోపలికి తోస్తే, జియోలైట్ అనే పదార్థం నైట్రోజన్‌ని పట్టేసి ఆక్సిజన్‌ని వదులుతుంది. అమెరికా మెషీన్‌ని ట్రాన్స్‌ఫార్మర్‌తో అక్కడ పెడితే లైటు వెలుగుతుంది, చప్పుడూ వస్తుంది. కానీ కంప్రెసర్ వేగం తగ్గి గాలి తక్కువ వెళితే, రోగికి అందే ఆక్సిజన్ కూడా తగ్గవచ్చు. మిక్సీ నెమ్మదిగా తిరిగితే పచ్చడి ఆలస్యం, అంతే. ఇక్కడ పోయేది ఊపిరి.

కాబట్టి అమ్మానాన్నల కోసం ఏ వైద్య పరికరం కొన్నా, పెట్టె కట్టకముందే లేబుల్ చదవండి. 230 వోల్టులు, 50 హెర్ట్జులు రెండూ అందులో ఉండాలి. లేకపోతే అక్కడే కొనిపించండి. అనుమానం ఉంటే మోడల్ నంబరు చెప్పి తయారీదారునే అడగండి.