మీకు తెలుసా? బాగున్న చేతికే బంధనం!

పక్షవాతం వచ్చినవాళ్లు పడిపోయిన చేతిని మెల్లగా వాడటమే మానేస్తారు. అన్నం కలపడం, గుండీలు పెట్టుకోవడం అంతా రెండో చేతిమీదే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ ఈ అలవాటుకే అడ్డుకట్ట వేశారు: బాగున్న చేతికి మందపాటి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే పనులు చేయించాలన్నారు. వినడానికి నిర్దయగా ఉంది కదూ! పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందితో అమెరికాలో ‘ఎక్సైట్’ పరిశోధన జరిగింది. వారిలో ఒక బృందం రెండు వారాలపాటు మేలుకున్న సమయంలో 90 శాతం తొడుగుతోనే గడపాలి. పనిదినాల్లో రోజుకు 6 గంటల దాకా సాధన. 2006లో వెలువడ్డ ఫలితాల ప్రకారం, మామూలు చికిత్స పొందినవారికన్నా వీళ్ల చేయి ఎక్కువ మెరుగుపడింది. ఏడాది తర్వాతా ఆ తేడా నిలిచింది. అయితే మణికట్టు, వేళ్లు కాస్తయినా కదిలేవాళ్లకే ఈ పద్ధతి.